మతిపోయిన బిళ్ళలు

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టేశాననుకున్నాను.

రాజమండ్రిలో మా ల్యాబ్‌లో నేను చేసేది వంగే మెమరీ. పల్చటి ప్లాస్టిక్ బిళ్ళ మీద గ్రాఫీన్ ఆక్సైడ్ పూత. వోల్టేజ్ ఇస్తే దాని రెసిస్టెన్స్ పడిపోతుంది, అది ఒకటి. తిరగేసి ఇస్తే పెరుగుతుంది, అది సున్నా. కరెంటు తీసేసినా, పెన్సిల్‌కి చుట్టినా ఆ గుర్తు పోకూడదు. నా పెళ్ళికి ముందు వెయ్యిసార్లు వంచినా పోలేదు. శ్రావణంలో పెళ్ళి చేసుకుని, సెలవయ్యాక వచ్చిన రోజునుంచీ చేసిన బిళ్ళ చేసినట్టే చచ్చిపోతోంది. నెలాఖరుకి పేపర్ పంపాలి. ఏడుపొచ్చింది.

నేను లేని మూడు వారాలూ ల్యాబ్ తాళంచెవి మా జూనియర్ శశిభూషణ్ దగ్గరే ఉంది. బిళ్ళల సంగతెత్తితే చాలు, తల వంచుకుని నా చేతులకేసి చూస్తాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం ఇదే కదూ!

మా గైడు పార్థసారథి గారి గదికెళ్ళి తేల్చి చెప్పేశాను. "వాడే పాడుచేస్తున్నాడు సార్. వాడుంటే నేనుండను."

ఆయన శశి దగ్గర తాళంచెవి తీసుకుని నాకిచ్చి, వాణ్ణి ఇక ల్యాబ్‌కి రావద్దన్నారు.

మూడు రోజులు తాళంచెవి నా దగ్గరే ఉంది. అయినా బిళ్ళలు చచ్చాయి. దొంగ తాళంచెవి చేయించాడన్నమాట! పుస్తకాలు తీసుకెళ్ళడానికి వచ్చినవాణ్ణి గుమ్మంలోనే నిలదీశాను.

"ఆ రెండో తాళంచెవి ఇలా ఇయ్యి."

"నా దగ్గరేం లేదండి. ఒక్కసారి స్ట్రాప్ టెస్టర్ నొక్కుతారా అండి?"

బిళ్ళల్ని ముట్టుకునేముందు, వాటిని చంపేసే స్టాటిక్ కరెంటు ఒంట్లోంచి భూమిలోకి పోయేలా మణికట్టుకి తీగ ఉన్న స్ట్రాప్ కట్టుకుంటాం. అది నాకు వీడు నేర్పుతాడా! స్ట్రాప్ కట్టుకుని, అది పనిచేస్తోందో లేదో చెప్పే టెస్టర్‌ని విసురుగా నొక్కాను.

ఎర్ర లైటు వెలిగింది.

కొత్త పెళ్ళికూతురు గాజులు తియ్యకూడదని మా అత్తగారు వెంకటరత్నమ్మ గారి మాట. చేతికి డజను మట్టిగాజులు. రోజూ స్ట్రాప్ వాటి మీదే కట్టుకుంటున్నాను. గాజులోంచి కరెంటు పారదని పిల్లలకి పాఠాలు చెప్పిన దాన్ని! గాజులు పైకి తోసి, స్ట్రాప్ ఒంటికి ఆనించాను. పచ్చ లైటు వెలిగింది. సిగ్గుతో చచ్చిపోయాను.

"ముందే చెప్పలేకపోయావా?"

"అనుమానమేనండి. కొత్తగా పెళ్ళయినవారి గాజుల గురించి ఎలా అడగనండి?"

"సార్‌కి ఇప్పుడే చెప్తాను."

"నా మీద చెప్పినప్పుడు తలుపు తీసే ఉందండి. వరండాలో అందరూ విన్నారు." పుస్తకాలు సంచిలో పెట్టుకున్నాడు. "ఇదీ తలుపు తీసే చెప్పండి."

పార్థసారథి గారి గది తలుపు రెండు రెక్కలూ బార్లా తెరిచి, వరండా అంతా వినబడేలా చెప్పాను.