పదకొండో మంచం

లిఫ్టు రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య ఆగిపోయింది. నా చేతిలో రక్తం సంచి. పైన ఆపరేషన్ గదిలో ఉన్నావిడ కోసం తీసుకెళ్తున్నాను. ఆవిడ భర్త నా పక్కనే ఉన్నాడు. ఫోన్లకు సిగ్నల్ లేదు.

నాకసలే కోపం ఎక్కువ. తలుపు దబదబా బాదాను. పైన జానెడు సందులోంచి నర్సు చెయ్యి కనిపించింది. సంచి అందిస్తే పరిగెత్తింది. హమ్మయ్య అనుకున్నాను.

అతను నా వైపు తిరిగాడు.

"రక్తం అందరికీ ఎర్రగానే ఉంటుంది కదా మేడమ్, ఈ గ్రూపుల గొడవేంటి?"

"రక్తకణాల మీద 'ఎ' అనో 'బి' అనో గుర్తులుంటాయి. రెండూ లేకపోతే 'ఓ'. మన ఒంట్లో లేని గుర్తు బయటినుంచి వస్తే ఒళ్ళు తిరగబడుతుంది. మనిషే దక్కకపోవచ్చు. మీ ఆవిడది బి."

"కాన్పప్పుడు ఓ అన్నారే?"

"వాళ్ళు తప్పు రాసుంటారు. పంతొమ్మిదేళ్ళుగా ల్యాబులో చూస్తున్నా, నా చేతిలో ఒక్కటీ తప్పలేదు. పొద్దున నేనే తీశాను, పదకొండో మంచం."

"పదకొండా? తెల్లారగానే పక్కావిడతో మంచం మార్చుకుందండీ, కిటికీ గాలి కోసం."

పొద్దున రక్తం పట్టే గొట్టం మీద పేరు ముందే రాసుకుని, మంచం నంబరు చూసి సూది గుచ్చాను. పడుకున్నావిడను పేరు అడగలేదు. పెద్ద అనుభవం కదా! ఇప్పుడు పైన సంచి మీది పేరూ కాగితం మీది పేరూ సరిచూస్తారు. అన్నీ సరిపోతాయి, గ్రూపు తప్ప.

నేను నోరు విప్పకముందే అతనికి అర్థమైపోయింది. పాఠం చెప్పింది నేనే మరి. ఇద్దరం తలుపు బాదాం, గొంతు పోయేలా అరిచాం. సందులోంచి గచ్చు తప్ప ఏమీ కనిపించలేదు. నాకు ఏడుపొచ్చింది.

చివరికి తడి తుడుపుకర్ర కనిపించింది. దాని వెనకే ఊడ్చే ఆవిడ కాళ్ళు.

"ఆపరేషన్ గదికి పరిగెత్తమ్మా! ఇప్పుడెళ్ళిన రక్తం ఎక్కించొద్దని చెప్పు!"

"నా మాట ఎవరు వింటారు? ఎందుకంటే ఏం చెప్పను?"

మెడలోని నా గుర్తింపు కార్డు తెంపి సందులోంచి విసిరాను.

"గ్రూపు తప్పు. తప్పు చేసింది ఈవిడేనని చూపించు."

కర్ర అక్కడే పడేసి ఉరికింది.

పావుగంటకి లిఫ్టు కదిలింది. ఆపరేషన్ గది గుమ్మంలో నర్సు నిలబడి ఉంది. ఒక చేతిలో సంచి, నిండుగా. ఇంకో చేతిలో నా కార్డు.

"బిగించబోతుంటే వచ్చింది," అంది.

కొత్త గొట్టంతో లోపలికెళ్ళాను. మత్తులో ఉన్న మనిషికి పేరు చెప్పే వీల్లేదు కాబట్టి గుమ్మం వైపు తిరిగాను.

"బాబూ, మీ ఆవిడ పేరేంటి?"

అతను ఏడుస్తూ చెప్పాడు. రక్తం తీశాకే గొట్టం మీద రాశాను.