గేటు దగ్గర నవ్వు

తెర మీద ఆయా పెట్టె పట్టుకుని పెద్దింటి గేటు దాటుతోంది. సినిమా హాల్లో కర్టెన్ పక్కన చీపురు చంకన పెట్టుకుని ఊడ్చే మనిషి నిలబడింది. ఇప్పుడు ఆయా వెనక్కి తిరుగుతుంది, ఇంటి వంక చూస్తుంది, పెదవి చివర సన్నగా నవ్వుతుంది. ఆ వెంటనే లైట్లు వెలుగుతాయి. ఈ సినిమా పడ్డప్పటి నుంచీ ప్రతి ఆటకీ ఆ నవ్వు చూస్తూనే ఉంది. చూసినప్పుడల్లా ఇదేదో కీడు చేసిన నవ్వే అనుకునేది.

వంగి వంగి ఆమె నడుము కాస్త ముందుకే ఉండిపోయింది. వేళ్ళ సందుల్లో దుమ్ము ఎంత కడిగినా పోదు. కుర్చీల కిందికి చీపురు దూర్చి, కాగితం కప్పులు, చిరిగిన టికెట్లు ఒకే లాగుడుకు నడవలోకి తెచ్చేస్తుంది. ఆట అయ్యే వేళకే ఆమెకు లోపల పని. అందుకే ఏ సినిమా అయినా చివరి ముక్కే చూసింది. చావులు, పెళ్ళిళ్ళు, క్షమాపణలు అన్నీ చూసింది గానీ ఏది ఎందుకో ఎరగదు. నోరు తెరిస్తే ఏదో ఒక కీడు శంకించే మనిషి, చూసేది మాత్రం శుభం కార్డు. హాలువాళ్ళు శుభమ్మ అని పేరు పెట్టేశారు.

జనం లేచి కదిలారు. సినిమా ఏదో నవల్లోంచి తీసిందట.

"నవల్లో ఆ ఆయా వెనక్కే తిరగదండీ. ఆ నవ్వు వీళ్ళు కలిపారు," అంది కళ్ళజోడు పెట్టుకున్నావిడ.

"అంటే తను చూసుకున్న ముసలావిణ్ణి చంపిందనేగా?" అన్నాడు భర్త.

"ఏమో మరి. నవల్లోనూ తేల్చలేదు."

శుభమ్మ చీపురు ఆగిపోయింది. ఆమె కూతురు రోగులను కనిపెట్టుకునే పని నేర్చుకుంది. పక్క ఊళ్ళో, మంచం పట్టిన పెద్దావిడ ఇంట్లో ఉండి చూసుకునే ఉద్యోగం దొరికింది. ఇవాళ సాయంత్రం బస్సుకు బయల్దేరాలి. తల్లి ఇంకా ఊ అనలేదు. ఆ పెద్దావిడకు ఏదైనా అయితే ఎవరి మెడకు చుట్టుకుంటుంది? నలుగురూ నా పిల్ల ముఖంలోకి ఇలాగే అనుమానంగా చూడరూ? అదీ ఆమె బెంగ.

మధ్యాహ్నం ఆటకు కూతురు సంచితో సహా వచ్చింది. చేతిలో రెండు టికెట్లు, వేరుశనగకాయల పొట్లం ఉన్నాయి.

"ఇవాళ నువ్వు కూర్చుంటున్నావమ్మా. మొదట్నుంచీ చూడు. చూశాక కూడా వద్దంటే ఫోన్ చేసి రానని చెప్పేస్తా, నీ మీద ఒట్టు."

"నా మీద ఒట్లు పెట్టకే. అసలే ఒంట్లో బాగుండట్లేదు."

"పో శుభమ్మా, ఈ ఒక్క ఆటకీ నేను ఊడుస్తాలే," అన్నాడు హాలు దగ్గర టికెట్లు చించే గేటతను. "కానీ ఆ ఆయా మాత్రం మందు ఎక్కువ పోసింది. కావాలంటే రాసిస్తా."

"నువ్వు ఊరుకో మావయ్యా," అంది కూతురు.

కుర్చీలో కూర్చోవడమే ఆమెకు కొత్త. తెర ఇంత పెద్దదని ఎదురుగా కూర్చుంటే గానీ తెలియలేదు. ముసలావిడ ఆయాను తిడుతోంది, చెంచాలు దాచేశావంటోంది. ఆయా ఆవిడ వీపు రుద్దుతూనే ఉంది. ఒక పూట కొడుకూ కోడలూ వచ్చేసరికి ముసలావిడ పక్క తడిపేసుకుంది. ఆయా చటుక్కున చెంబులో నీళ్ళు కూడా పక్క మీద ఒలకబోసి, "నా చెయ్యి జారిందండీ," అంది. కోడలి తిట్లన్నీ తనే తిన్నది. ముసలావిడ గోడకేసి తిరిగి పడుకుంది గానీ, కొనవేళ్ళతో ఆయా చీర అంచు పట్టుకునే ఉంది.

తర్వాత ఆ మందు సీసా వచ్చింది. ఆయా చెయ్యి దాని మీద పడింది, తెర మీద కిటికీ కనిపించింది. తెల్లారేసరికి ముసలావిడ పోయింది, ఏం జరిగిందో చూపించలేదు. ఆయా పెట్టె అందుకోగానే శుభమ్మ అలవాటు కొద్దీ చీపురు కోసం లేవబోయింది. కూతురు చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. ఆయా వెనక్కి తిరిగి నవ్వింది.

నడవలో గేటతను చీపురుతో ఎదురయ్యాడు. "ఏం శుభమ్మా, చంపిందా లేదా?"

"నాకేం తెలుసన్నా. వాళ్ళే చెప్పలేదు. కానీ అది చంపినవాళ్ళ నవ్వులా లేదు. చాకిరీ తీరినవాళ్ళ నవ్వు. ఆఖరాట ఊడ్చి చీపురు గోడకి ఆనించాక నాకూ వస్తుంది."

"నువ్వు నవ్వడం నేనెప్పుడూ చూళ్ళేదే."

"నువ్వప్పటికే లైట్లు ఆర్పేస్తావు కదా."

కూతురు తల్లి ముఖంలోకే చూస్తోంది. శుభమ్మ సంచి అందుకుని బరువు చూసింది. "ఇంత మోస్తావా, నడుం పట్టేస్తుంది," అని సణిగి, తనే భుజాన వేసుకుని బస్టాండు దారి పట్టింది.

కూతురు బస్సెక్కాక కిటికీ దగ్గర నిలబడితే జాగ్రత్తలన్నీ నోటి దాకా వచ్చాయి. మెట్లు, తాళాలు, పొయ్యి, కుక్కలు. ఒక్కటే అంది.

"ఆవిడ పక్క తడిపితే నలుగురిలో అనకు."

"అననమ్మా."

"వెళ్ళిరా మరి."

బస్సు మలుపు తిరిగింది. గుండె దడదడలాడుతుందేమోనని ఆమె కాసేపు చూసుకుంది. లేదు. వారాల తర్వాత ఊపిరి కిందిదాకా దిగింది. అయినా, చేరగానే ఫోన్ చెయ్యమనడం మర్చిపోయానే అని నాలిక్కరుచుకుంది.

సాయంత్రం ఆటకు ముందు, గేటతను ఊడ్చింది సరిగ్గా ఉందో లేదోనని చీపురు పట్టుకుని లోపలికి వెళ్ళింది. అతను మూలలన్నీ వదిలేశాడు. కూతురు కూర్చున్న కుర్చీ కిందా చూడలేదు. కానీ అక్కడ నేల మీద ఒక్క తొక్కయినా లేదు. వేరుశనగ తొక్కలన్నీ కాగితం పొట్లంలోనే ఉన్నాయి, మూతి గట్టిగా మెలిపెట్టి, కాలు తగలకుండా గోడ వారగా నిలబెట్టి ఉంది ఆ పొట్లం.