దేవకమ్మ మెడలో తడి ముత్యాలు

కాదు స్రవంతీ, హారం తీసింది మీ అవ్వ కాదు. దేవకమ్మకు చేతులు యాడుండాయి తీసేదానికి? బాయికాడ పాచిమీద జారి రెండు చేతులూ ఇరగ్గొట్టుకుంటే, పుత్తూరుకు పిలుచుకోనిపోయి కట్టు కట్టించుకోనొచ్చినారు గదా. తీసింది మీ తాత. నా తమ్ముడు ఏకాంబరం. నువ్వు తిరుపతి హాస్టల్లో ఉంటివి, నీకేం తెలుసు. చెప్తాండా, ఫోను పెట్టేయబాక.

ఆ హారం మా నాయనవాళ్ళమ్మ తూత్తుకుడి దిక్కునుంచి తెచ్చుకునింది. సముద్రం ముత్యాలు. ఏసుకున్నామెకు ఆయుసు ఉండేంతవరకూ అవి తడిగా ఉంటాయి, ఉప్పునీళ్ళు కారతానే ఉంటాయి. మీ అవ్వ చీర తీగమీద ఆరేస్తే వడమాలపేట మేకలన్నీ వచ్చి కొంగు నాకేవి. "మీ కొంగు నాకి మా మేకల పాలు ఉప్పగా అయినాయి" అని పక్కింటి భానుప్రియ రోజూ కొట్లాటే.

చేతులిరిగి, జొరంతో పడుకున్నాక ముత్యాలు ఒగొగటే ఆరతా వచ్చినాయి. పూరా ఆరితే మనిషి పోతాది. ఆ లోపలే తీసి కోడలి మెడకు ఏయాల, ల్యాకుంటే అవి ఇంగ ఎవురికీ ఊరవు. మా పుట్టింట్లో అదే రివాజు. మీ అమ్మ రేవతి చూస్తే ముట్టుతో బయటుండాది. తెల్లారి తలకు పోసుకుంటే గానీ తాకకూడదు.

సందేళకు నడాన ఉండే పెద్ద ముత్యం ఒగటే తడి. పొద్దన దాకా నిలుస్తాదా, ఏమో.

"ఏకాంబరం, పొద్దన దాకా తడి ఆరకుండా నా మెడకెయ్ రా" అంటి.

"నువ్వు ఇంగో ఇంటికి పోయిన ఆడబిడ్డవి. నీకెట్ట ఏసేది అక్కా?"

వాడే మీ అవ్వ తల పైకెత్తి, హారం కొక్కెం ఇప్పి, తన మెడకే ఏసుకున్నాడు. మగోళ్ళు ఏసుకున్నట్ట నేను ఎప్పుడూ ఇనలా.

అంత జొరంలోనూ ఆమెకు నవ్వొచ్చింది. "ఏమయ్యో, పెండ్లినాడు గూడా ఇంత సోకు చేసుకోలేదే నువ్వు!"

"నోరు మూసుకోని పడుకోవే. పొద్దన నీ కోడలికి ఇచ్చేస్తాలే."

రవ్వంతసేపటికి ఆమెకు చెమటలు పట్టినాయి. జొరం దిగింది. ఎన్నాళ్ళకో ఆకలంటే సంగటి కలిపి నేనే తినిపిస్తి. ఏకాంబరం గుంజకు ఆనుకోని, ముత్యం మీద చెయ్యి పెట్టుకోని, ఆమె తినేది చూస్తా ఉండాడు.

"తడి ఉండాదా రా?" అంటి.

"ఉండాదిలే."

"యాడ, చెయ్యి తీ, సూస్తా."

"ఉండనీ అక్కా. సల్లగా ఉండాది."

తెలిసే చేసినాడా? ఒగ రాత్రే గదా అనుకున్నాడా? నాకు అర్థం కాలా పాపా. ఆరింది ఆమె ఆయుసా, వాడిదా? ఆడోళ్ళ లెక్క మగోనికి ఎట్ట వస్తాది? ఎవుర్ని అడగాల? మీ అవ్వను అడిగితే గోడదిక్కు తిరిగి పడుకుంటాది.

రేవతి తలకు పోసుకోని వచ్చేసరికి మీ అవ్వ లేసి కూర్చోనుండాది. తెల్లారేసరికి పోయినోడు ఏకాంబరం.