ఏడేసి మాటలకో ఎంటర్

"ఇప్పుడు చెప్పత్తా, ఎలా ఉంది?" అని అడిగింది అంకిత.

"బాగుంది," అంది దమయంతి.

ఈ వారంలో అది బాగుండడం మూడోసారి.

మోరిస్‌విల్‌లోని ఆ ఇంట్లో డైనింగ్ టేబుల్‌కి ఒక చివర అంకిత ఆఫీసు, రెండో చివర దమయంతి రాతబల్ల. మధ్యలో ఊరగాయ సీసాలు సరిహద్దు కాస్తుంటాయి. అంకిత పనిచేసే కంపెనీ ఒక ఎడిటర్ తయారుచేస్తుంది. ఎడిటర్ అంటే పత్రిక నడిపే మనిషి కాదు. కంప్యూటర్‌లో రాసుకోవడానికి తెరుచుకునే తెల్లకాగితం లాంటిది. ఇన్నాళ్లూ దాన్ని ప్రోగ్రాములు రాసేవాళ్లే వాడేవారు. ఉత్తరాలూ కథలూ రాసుకునే మామూలు మనుషులకి కూడా ఇవ్వాలని ఇప్పుడు కంపెనీకి బుద్ధిపుట్టింది. దానికి అడ్డమల్లా సెట్టింగ్స్ పేజీ. అక్షరం ఎంత ఉండాలి, కాగితం ఏ రంగులో ఉండాలి అన్న దగ్గర్నుంచి మూడువందల పైచిలుకు మీటలు, ఒకదాని కింద ఒకటి, ఒకే పోలికతో. ఐదు నెలలుగా అంకిత ఆ పేజీని మార్చే పనిలోనే ఉంది. గురువారం దాన్ని మేనేజర్ వినీత్‌కి చూపించాలి.

"ఆ రోజు తేలకపోతే ప్రాజెక్ట్ ఆపేస్తారు, నన్ను వేరే టీమ్‌లో వేస్తారు," అని అంకిత ఫోన్‌లో ఎవరితోనో అంటుంటే దమయంతి పప్పు కడుగుతూ వింది. విన్నది అంతే. దాంతో తన లెక్కలో తాను ఒక నిశ్చయానికి వచ్చేసింది. అంకిత ఏది చూపించినా బాగుందనాలి. అందులో ఏది పాత పేజీయో, ఏది కొత్తదో ఆమెకు పట్టింపు లేదు. అంకిత చూపించిందంటే అంకితదే.

అన్న కూతురే అయినా, దమయంతికి ఆ పిల్ల అంతకంటే ఎక్కువ. పిస్కాటవే అనే ఊళ్లో చదువుకున్న రెండేళ్లూ వీళ్లింట్లోనే ఉంది. అప్పట్లో దమయంతికీ ఆమె భర్త లక్ష్మీపతికీ అక్కడ బట్టలు సరిచేసి కుట్టే ఆల్టరేషన్ షాపు ఉండేది. కస్టమర్ రాసిచ్చిన చీటీ ఆయన చదివేవాడు, కుట్టు ఈమె వేసేది. చదువురాని మనిషని కస్టమర్లలో ఒక్కరికీ తెలియకుండా ముప్పై ఏళ్లు గడిపిందంటే అందులో సగం ఘనత ఆయనదే. చీటీ తీసుకుని, తనలో తాను గొణుక్కుంటున్నట్టుగా పైకి చదివేవాడు. నాలుగేళ్ల కిందట ఆయన పోయాక, అంకిత కారు వేసుకొచ్చి అత్తనీ, కుట్టుమిషన్‌నీ కలిపి తీసుకెళ్లింది.

ఇక్కడికొచ్చాక, అరవై ఒకటో ఏట, దమయంతి అక్షరాలు నేర్చుకుంది. ఊళ్లో తెలుగు మ్యాగజైన్ నడిపే జయంతిగారు ఆదివారాలు లైబ్రరీలో చెప్పే తెలుగు క్లాసులో, మోకాళ్లు గడ్డానికి తగిలే పిల్లల కుర్చీలో కూర్చుని. తర్వాత టైపు చేయడం కూడా వచ్చింది. ఇప్పుడు రోజుకొక కస్టమర్ గురించి రాస్తోంది. ఎవరు ఏ బట్ట తెచ్చారు, ఎక్కడ వదులు చేసింది, ఎక్కడ బిగించింది, లక్ష్మీపతి ఏమన్నాడు.

చిక్కంతా పదిహేను రోజుల కిందట వచ్చింది. అక్షరాలు చీమల్లా కనిపిస్తున్నాయని, అంకిత ఇంట్లో లేనప్పుడు తనే సెట్టింగ్స్‌లోకి వెళ్లి రెండు మూడు మీటలు నొక్కింది. అక్షరాలు పెరగలేదు సరికదా, అంచు దాకా వచ్చి కిందికి తిరగాల్సిన వాక్యం తిరగడం మానేసింది. ఎంత రాస్తే అంత కుడివైపుకి పోయి, గోడలోంచి పక్కింట్లోకి నడిచిపోతున్నట్టు మాయమైపోయింది. మళ్లీ లోపలికి వెళ్లి చూస్తే, తాను నొక్కిన మీట ఏదో తెలియలేదు. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి.

అంకిత కంపెనీ వస్తువుని పాడుచేశానని హడలిపోయింది. గురువారం సంగతి తెలిశాక చెప్పే ధైర్యం అసలే పోయింది. చివరికి తనకు తోచిన ఉపాయం ఒకటి కనిపెట్టింది. తెర మీద ఏడు మాటలు పడతాయి. ఏడు లెక్కపెట్టి ఎంటర్ కొట్టాలి. మళ్లీ ఏడు, మళ్లీ ఎంటర్. పదిహేను రోజులుగా అలాగే రాస్తోంది.

మంగళవారం సాయంత్రం అంకిత భర్త తేజేశ్వర్ ఆఫీసు నుంచి వచ్చి, కాఫీ కప్పుతో అటుగా వెళుతూ తెర వైపు వంగాడు. వంగినవాడు అలాగే ఉండిపోయాడు.

"అంకితా, ఒకసారి ఇలా రా. అత్తయ్యగారు మనకి చెప్పకుండా కవిత్వం మొదలుపెట్టేశారు."

"కవిత్వమా?" అంటూ అంకిత వచ్చింది. అతను గొంతు సవరించుకుని చదివాడు.

పెళ్లి గౌను తెచ్చిన పిల్ల పేరు నాకు ఇప్పుడు
గుర్తు లేదు కానీ ఆమె నడుము కొలత మాత్రం
గుర్తుంది ఆయన చీటీ చదివాడు నేను సూదిలో దారం
ఎక్కించాను

"చూశావా, 'సూదిలో దారం' అని ఆపేశారు. కింద ఎక్కించారు. ఆ ఆపడంలోనే ఉందంతా. ఎన్నాళ్లనుంచి రాస్తున్నారు అత్తయ్యగారూ?"

"పదిహేను రోజులనుంచి," అంది దమయంతి. ఆ మాట నిజమే.

"ఎవరి దగ్గర నేర్చుకున్నారు?"

"నేర్చుకునేదేముంది బాబూ. అలా వచ్చేసింది."

"ఇది జయంతిగారి మ్యాగజైన్‌లో వెయ్యాల్సిందే," అన్నాడు తేజేశ్వర్. అంకిత వెనకనుంచి వచ్చి అత్త మెడ చుట్టూ చేతులు వేసింది. "నాకు కూడా చెప్పలేదు చూడు," అంది ముద్దుగా. దమయంతి ఏడో మాట టైపు చేసి ఎంటర్ కొట్టింది.

బుధవారం పొద్దున అంకిత ఒక కాల్ ముగించి హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది. మెల్లిగానే పెట్టింది. ఆ మెల్లగా పెట్టడం చూసే దమయంతికి భయమేసింది.

"ఏమైందమ్మా?"

"ఏం లేదత్తా. రేపటితో ఇది క్లోజ్ అయిపోయేలా ఉంది."

"ఎందుకని? అందరూ బాగుందన్నారుగా."

"అదే ప్రాబ్లమ్. పాత పేజీ, కొత్త పేజీ రెండూ చూపించి పన్నెండు మందిని టెస్ట్ చేశాను. పాతది కూడా బానే ఉందన్నారు అందరూ. ఎవరికీ ఇబ్బంది లేనప్పుడు ఎందుకు మార్చడం అంటున్నాడు వినీత్. అతను అడిగేదాంట్లో తప్పేం లేదు."

"ఆ పన్నెండు మంది ఎవరు?"

"మా ఆఫీసువాళ్లు, తేజ ఫ్రెండ్స్. పదకొండు మంది రోజూ కోడ్ రాసేవాళ్లే, వాళ్లకి ఆ మీటలన్నీ కంఠతా వచ్చు. బయటి మనిషివి నువ్వొక్కదానివే. నువ్వు కూడా రెండూ బాగున్నాయన్నావు." నవ్వబోయింది గానీ కుదరలేదు. "బాగున్నదాన్ని బాగాలేదని నీ చేత చెప్పించలేను కదా."

దమయంతి ఊరగాయ సీసా మూత తీసింది, మళ్లీ పెట్టింది. ఐదు నెలల కష్టాన్ని నిలబెడుతున్నానని తాననుకున్న మాటే దాన్ని ముంచుతోందన్నమాట.

"అంకితా."

"ఊఁ."

"నేను కవిత్వం రాయలేదు."

అంకితకు అర్థం కాలేదు. దమయంతి కంప్యూటర్ తిప్పి చూపించింది. ఎంటర్ కొట్టకుండా రాస్తే వాక్యం ఎలా పారిపోతుందో రాసి చూపించింది. ఏడు మాటల లెక్క చెప్పింది. పాత పేజీలోనూ కొత్త పేజీలోనూ దాన్ని ఎన్నిసార్లు వెతికిందో చెప్పింది.

"పదిహేను రోజులు ఇలాగే రాశావా? నన్ను అడగొచ్చు కదత్తా."

"అడిగితే నీ పేజీ బాగాలేదన్నట్టు అవుతుందని."

అంకిత బల్ల మీద తల ఆనించేసింది. భుజాలు కదులుతున్నాయి. దమయంతి కంగారుగా వీపు మీద చెయ్యి వేసింది. పిల్ల నవ్వుతోందని అప్పుడు తెలిసింది. "తేజకి ఈ విషయం నువ్వే చెప్పు," అంది అంకిత కళ్లు తుడుచుకుంటూ. ఆ వెంటనే నవ్వు ఆగిపోయింది. "ఆగాగు. కొత్త పేజీలో కూడా దొరకలేదా? అన్నీ తెలుగులో పెట్టాను, గదులు గదులుగా సర్దాను. వెతుక్కోవడానికి పైన ఒక పెట్టె కూడా ఇచ్చాను."

"ఆ పెట్టెలో ఏం రాయను? దాని పేరు తెలిస్తే కదా వెతికేది."

అంకిత ముఖం చిన్నబోయింది. దమయంతికి ప్రాణం చివుక్కుమంది గానీ, ఈసారి మాట వెనక్కి తీసుకోలేదు. లేచి, "ఇలా రా," అని మేనకోడలిని పక్క గదిలో ఉన్న కుట్టుమిషన్ దగ్గరికి తీసుకెళ్లింది.

"దీన్నేమంటారో తెలుసా?" అని మిషన్ ముందున్న గుండ్రటి మీట చూపించింది.

"తెలీదు."

"నాకూ చాన్నాళ్లు తెలీదు. ముప్పై ఏళ్లు తిప్పాను. చూడు." మీట పక్కన సుద్దముక్కతో చిన్న గీత గీసింది. "ఇప్పుడు ఇది ఇక్కడుంది. మర్చిపోకుండా గీత." మీట కొంచెం తిప్పింది. కత్తిరింపుల సంచిలోంచి ఒక గుడ్డముక్క తీసి నాలుగు కుట్లు వేసింది. కుట్టు వదులొచ్చింది. ఇంకోవైపు తిప్పి మళ్లీ వేసింది. గుడ్డ ముడుచుకుంది. మీటను తిరిగి గీత దగ్గరికి తెచ్చింది. "పేరుతో నాకేం పని? తిప్పితే కుట్టు ఏమవుతుందో కనిపించాలి. నచ్చకపోతే గీత దగ్గరికి రావాలి. అంతేగానీ కస్టమర్ బట్ట మీద ప్రయోగాలు చెయ్యను."

అంకిత ఆ ముక్కను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఏ ముక్కయినా పరవాలేదా?"

"అదే బట్టది అయ్యుండాలి. జీన్స్ కుట్టబోతూ సిల్కు ముక్క మీద చూసుకుంటే ఏం తెలుస్తుంది?"

"అంటే, మీట పక్కన చూపించే ముక్క ఎవరు రాసింది వాళ్లదే అయ్యుండాలి," అంది అంకిత తనలో తాను. అప్పటికే సగం గది దాటేసింది.

ఆ రోజు వంట తేజేశ్వర్ చేశాడు. అందరూ మంచినీళ్లు ఎక్కువ తాగారు. గురువారం పొద్దుటికి మూడువందల మీటల్లో ఇరవైకి మాత్రం పని పూర్తయింది. మీట పక్కన రాసినవాళ్ల సొంత రాతే నాలుగు లైన్లు కనిపిస్తాయి, నొక్కగానే ఆ ముక్క మారుతుంది. మీట ఇంతకుముందు ఎక్కడుండేదో అక్కడ తెల్లగా ఒక గీత ఉంటుంది.

"మీటింగ్‌లో నువ్వే కూర్చోవాలత్తా," అంది అంకిత. "ఒక్కటే కండిషన్. బాగుంది అన్నావంటే ఊరుకోను."

తెర మీద వినీత్, ఇంకో నలుగురు వచ్చారు. ముందు పాత పేజీ ఇచ్చారు. వాక్యం తిరిగేలా చెయ్యమన్నారు. దమయంతి పైనుంచి కిందికి వెళ్లింది, కిందినుంచి పైకి వచ్చింది. ఐదు నిమిషాలు గడిచాయి. షాపులో చీటీ చూసి చదివినట్టు నటించిన రోజులు గుర్తొచ్చాయి. ఈసారి నటించలేదు.

"ఐ డోంట్ నో," అంది వినీత్ కళ్లలోకి చూసి. "ఆల్ సేమ్. ఐ కెనాట్ ఫైండ్."

తర్వాత కొత్తది. పక్కన ఉన్న ముక్కలో ఆమె వాక్యమే అంచు దాటి పారిపోతూ కనిపించింది. మొదటి మీట నొక్కితే ముక్క నల్లబడింది. గీత దగ్గరికి వచ్చేసింది. రెండోదానికి లైన్ల ముందు అంకెలు పడ్డాయి. వెనక్కి వచ్చింది. మూడోది నొక్కగానే వాక్యం అంచు దగ్గర బుద్ధిగా కిందికి తిరిగింది.

"దిస్ వన్," అంది. నిమిషం కూడా పట్టలేదు.

పదిహేను రోజులు ఇలా ఎలా రాశారని వినీత్ అడిగాడు.

"సెవెన్ వర్డ్స్. దెన్ ఎంటర్," అని చెప్పి, ఏడు వేళ్లు చూపించింది దమయంతి.

ఆ తర్వాత వినీత్ మూడువందల మీటలకీ ఇలా చేయడానికి ఎన్నాళ్లు కావాలని అడిగాడు. అంకిత రెండు నెలలంది. ఆరు వారాలిస్తానన్నాడు. బల్ల కింద అంకిత అత్త చెయ్యి పట్టుకుంది. కాల్ అయ్యేదాకా వదల్లేదు.

మధ్యాహ్నం ఇద్దరూ పక్కపక్కన కూర్చుని, దమయంతి ఈ పదిహేను రోజులూ రాసిన పేజీలు తెరిచారు. వాక్యాలు ఇప్పుడు తిరుగుతున్నాయి గానీ, ఏడేసి మాటలకు కొట్టిన ఎంటర్లు అలాగే ఉన్నాయి.

"ఒక్క కమాండ్‌తో అన్నీ తీసేస్తాను," అంది అంకిత.

"వద్దులే. కుట్లు విప్పడం నాకు అలవాటే," అని దమయంతి ఒక్కొక్క ఎంటర్ తీయడం మొదలుపెట్టింది. అంకిత ఒక లైను, ఆమె ఒక లైను. వెనకనుంచి తేజేశ్వర్ వచ్చి నిలబడ్డాడు. నిన్న సంగతి తెలిసినప్పటినుంచి అతను కొంచెం తగ్గి ఉన్నాడు.

"అత్తయ్యగారూ, ఆ పెళ్లిగౌను ఒక్కటి మాత్రం ముట్టుకోకండి. జయంతిగారికి పంపేశాను. చాలా బాగుందన్నారు."

"ఆవిడ కూడానా," అంది దమయంతి. గౌను జోలికి వెళ్లకుండా తర్వాతి పేజీకి వెళ్లింది.

పని అయ్యేసరికి నాలుగు దాటింది. అంకిత వెనక్కి వాలి అడిగింది. "ఇప్పుడు చెప్పత్తా, ఎలా ఉంది?"

దమయంతి తెరకేసి కళ్లు చిట్లించి చూసింది.

"అక్షరాలు ఇంకా చిన్నగానే ఉన్నాయమ్మా," అంది.