భుజాల మీద తెల్ల పట్టీ

పదకొండేళ్ల కిందటి ఫుట్‌బాల్ సీజనులో ఆడిన అన్ని జట్ల జెర్సీలూ తెచ్చి క్లబ్బు హాల్లో వేలాడదీస్తారట. వాటిలో అందరికీ నచ్చింది నేను కుట్టిన ఇటుక రంగుదేనట. కార్యదర్శి ఫోన్ చేసి, దాని గురించి నాలుగు ముక్కలు రాసివ్వమన్నాడు. సరేనన్నాను. ఇలాంటి వాటికి సరేననడంలో నాకు నేనే సాటి.

తీరా కాగితం ముందు కూర్చుంటే చెయ్యి ఆడలేదు. పక్క బల్ల మీద నా భార్య, క్లబ్బువాళ్లు పంపిన ఆ జెర్సీనే ఇస్త్రీ చేస్తోంది. భుజాల దగ్గర మడత పడకూడదని ఎంత జాగ్రత్తో! అక్కడ ఉండాల్సింది ఒకటి లేదని ఆవిడకు తెలియదు. తెలిసింది నాకూ ఆవిడ తమ్ముడికీ మాత్రమే.

ఆ ఏడు నా బావమరిది ఆ ఇటుక రంగు జట్టులోనే ఆడేవాడు. కొలతలకు వచ్చిన రోజు అందరూ వెళ్లేదాకా ఆగి తలుపు వేశాడు. తనకు ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలియదనీ, ఇంట్లోవాళ్లకు కూడా చెప్పలేదనీ, బయటపడితే జట్టులోంచి తీసేస్తారనీ అన్నాడు. మొదటి మ్యాచే ఆకుపచ్చ జట్టుతో.

"మన చొక్కాలకి భుజాల మీద తెల్ల పట్టీ వెయ్యి బావా. అది చాలు, మిగతాది నేను చూసుకుంటా."

అదెంత పని అన్నాను.

వేశాను కూడా. ఒక చొక్కాకు కుట్టి, బొమ్మకు తొడిగి, దూరంగా నిలబడి చూశాను. ఛ, లిఫ్టు దగ్గర నిలబడే బంట్రోతు చొక్కాలా ఉంది. అది నా మొదటి పెద్ద ఆర్డరు. పట్టీ విప్పేశాను. వాడికి చెబుదాం చెబుదాం అనుకుంటూనే మ్యాచ్ రోజు పొద్దున మూట పంపించేశాను. అంతకంటే సిగ్గుమాలిన పని ఇంకోటి చెయ్యలేదు అందామంటే, చేశాను.

ఆ రోజు వాన. బురదలో మొహాలు ఆనలేదు. వాడు రెండుసార్లు బంతిని తిన్నగా అవతలివాళ్ల కాళ్లకు అందించాడు. రెండూ గోల్సే. అమ్ముడుపోయాడన్నారు. జట్టులోంచి తీసేశారు. ఆ వారమంతా నా భార్యకు ముద్ద దిగలేదు. ఆ తర్వాత తమ్ముడి గడప తొక్కడం మానేసింది. నేను పక్కనే బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాను. జెర్సీ మాత్రం బ్రహ్మాండమని ఎవరైనా మెచ్చుకుంటే తలూపేవాణ్ణి. పట్టీ సంగతి నేను మర్చిపోయానని వాడు అనుకుని ఉంటాడులే అని సర్దిచెప్పుకున్నాను. థూ, నాదీ ఒక బతుకేనా!

కాగితం పక్కన పెట్టి, ఇస్త్రీ ఆపమని ఆవిడకు అంతా చెప్పేశాను. ఆవిడ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. చెప్పులేసుకుని పదమంది.

బావమరిది సైకిళ్లు బాగుచేసే కొట్టులో ఉన్నాడు. అక్కను గుమ్మంలో చూసి లేచి నిలబడ్డాడు. వాడి ముందు మళ్లీ మొదటి నుంచీ చెప్పాను. మర్చిపోలేదనీ, కావాలనే విప్పేశాననీ చెప్పాను.

"తెలుసు బావా. నాకొచ్చింది ఆ చొక్కానే. భుజం మీద విప్పిన కుట్టు కన్నాలున్నాయి."

మరి అప్పుడే నన్నెందుకు నిలదీయలేదని అడిగాను.

వాడు చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. "అడిగితే ఏదో ఒక అబద్ధం చెప్పేవాడివి. నీ నోటి నుంచి అది వినాలనిపించలేదు."

వాళ్లక్కకు కుర్చీ వేశాడు. నాకూ ఒకటి వేశాడు. నేను కూర్చోలేకపోయాను.