చీర కడితే కనపడదు

పెళ్లి భోజనాల హాల్లో టీవీ తెరలన్నిటి మీదా హైమావతి కడుపు లోపలే కనిపిస్తోంది. గ్యాసుతో ఉబ్బించిన కడుపులోకి దూరిన కెమెరా పసుపుపచ్చని కొవ్వును దాటుకుంటూ వెళ్తోంది, సన్నని కత్తెర ఒకటి కిడ్నీ చుట్టూ మెల్లగా కొరుకుతోంది, బంతిలో కూర్చున్నవాళ్లు అది చూస్తూనే పెరుగన్నం జుర్రుకుంటున్నారు, వీడియో బాగా వచ్చిందని ఒకావిడ మెచ్చుకుంటూ ఇంకో గులాబ్‌జామ్ వేయించుకుంటోంది.

పక్కన తమ్ముడు చక్రధర్ నిలబడి ఉన్నాడు. చనిపోయినవాడే, కానీ నుదుటి మీద పెళ్లినాటి బాసికం అలాగే ఉంది.

"కొంగు సరిచేసుకో అక్కా. మా ఇందు పుట్టింటివాళ్లు చూస్తారు."

"అంత పెద్ద తెర మీద కనబడుతుంటే కొంగెందుకురా?"

"అది నీ కడుపని వాళ్లకి తెలీదుగా."

నిజమే, తెలియదు. పెద్ద కోత లేకుండా చిన్న గాట్లతోనే తమ్ముడి కోసం కిడ్నీ తీస్తామని డాక్టర్ చెప్పినప్పుడు, హైమ తొందరగా కోలుకుంటుందని ఇంట్లో ఒక్కరూ సంతోషించలేదు. చీర కడితే కనపడదని అమ్మ సంబరపడింది. చక్రధర్ పొట్ట మీది కోతకు అపెండిక్స్ అని పేరు పెట్టి, సంబంధాలు వెతికింది.

హాలు ఎప్పుడు ఆసుపత్రి వరండా అయిందో తెలియదు, విస్తళ్లు స్ట్రెచర్ల మీద పరిచి ఉన్నాయి, వడ్డన మాత్రం ఆగలేదు.

"కిడ్నీ నిలిపే మాత్రలెందుకు మానేశావురా?"

"మానలేదే, ఆపానంతే. మొహం ఉబ్బిపోయి ఫోటోల్లో బూరెలా పడుతున్నాను. తర్వాత అత్తారింట్లో అందరి ముందూ ఎలా మింగను?"

"నా కిడ్నీ ఫోటోలకి తగలేశావన్నమాట."

"ఇందుకి మాత్రం చెప్పకు. అమ్మ పరువు పోతుంది."

"దాని పాదం మంచిది కాదని, నిన్ను మింగేసిందని అమ్మ వీధివీధికీ చెబుతోంది. నీకు సిగ్గనిపించట్లేదూ?"

అతను ఆ మాట విననట్టే ఆమె కొంగు పట్టుకుని నడుము మీదికి లాగుతున్నాడు, నేతి జిడ్డు వేళ్లతో, ఇంకాస్త, ఇంకాస్త అంటూ. తోడబుట్టినవాడి మీద, అందులోనూ పోయినవాడి మీద ఇంత రోత పుడుతుందని హైమ ఎన్నడూ అనుకోలేదు.

మెలకువ వచ్చేసరికి మధ్యాహ్నం ఎండ మంచం మీద పడుతోంది. కొంగు నడుముకు బిగించి ఉంది, తన రెండు చేతులతోనే. వసారాలో అమ్మ ఎవరితోనో అంటోంది, "కాలు పెట్టింది, ఏడాదన్నా తిరగలేదు." పక్కనే ఇందు తల వంచుకుని చిక్కుడుకాయలు వలుస్తోంది.

హైమ వెళ్లి ఇందు ముందు నిలబడి, కొంగు పక్కకు తీసింది.

"హైమా, లోపలికి పో," అంది అమ్మ.

ఆమె కదల్లేదు. ఇందు చేతిలోని కాయ పక్కన పెట్టి, గాటు మీద వేలు ఆనించింది.

"ఇదెప్పటిది వదినా?"

"మీ పెళ్లికి ముందుదమ్మా. మీ ఆయనకి కిడ్నీ ఇచ్చినప్పటిది."