ఊఁ కొడితే మొలిచే రాగులు

అరబ్బు దేశంలోని ఖైతాన్ పేటలో, ఆ మూడో అంతస్తు ఇంట్లో పనికి కుదిరిన సుబ్బరత్నమ్మకు పొద్దున్నే రెండు పనులు. టీ పెట్టడం, ఊఁ కొట్టడం. ఇంటావిడ న్యకాటోను అక్కడి పనివాళ్ళ అలవాటుగా 'మామా' అనేది. ఆమె ఉగాండా నుంచి వచ్చి కాలేజీలో పాఠాలు చెప్పేది. తెల్లదొరలు రాగులు మాని పత్తి వేయమన్నప్పుడు తమ ఊరి ముసలమ్మలు ఎందుకు వద్దన్నారో, బాగుపడటమంటే ఏమిటో, వాళ్ళ మాటల్లోనే పుస్తకం రాస్తోంది. రాసింది రాసినట్టు పైకి చదివేది. రాయచోటి పక్క పల్లెలో కథలు వింటూ పెరిగిన సుబ్బరత్నమ్మ, ఆ ముసలమ్మల భాష ఒక్క ముక్క తెలియకపోయినా, ఉల్లిగడ్డలు తరుగుతూ ఊఁ కొట్టేది. ఆమె ఊఁ అన్నప్పుడల్లా తివాచీలో రాగులు మొలిచేవి. మధ్యాహ్నానికి వెన్నులు తీసేవి.

ఎవరూ వింత పడలేదు. గడ్డి పడి తూము పూడుకుపోతోందని కింది ఇంటివాళ్ళు సణిగారు, అంతే. మొదటి రోజు ఆ గింజలు మా ఊరివంటే మా ఊరివని న్యకాటో, సుబ్బరత్నమ్మ అరబీ, హిందీ కలిపి వాదులాడుకుని, చివరికి ఒకే కంచంలో సంగటి తిన్నారు.

ఆగస్టులో ఇరాక్ సైన్యం దిగింది, అంగళ్ళు మూతపడ్డాయి. ఇక భవనమంతటికీ ఆ తివాచీయే దిక్కు. పై అంతస్తు డ్రైవర్ అన్వర్ బాషా కూరగాయల కత్తితో కోసేవాడు, ఆయన భార్య హసన్‌బీ మిద్దె మీద నూర్చి చెరిగేది. వీధిలో ట్యాంకులు తిరుగుతున్నా మిద్దె మీద నవ్వులే నవ్వులు.

ఇంతలో న్యకాటో బయల్దేరే రోజు దగ్గరపడింది. సైన్యం దిగకముందే లండన్‌ వాళ్ళు పెద్ద ఉద్యోగం ఇస్తామన్నారు, కాకపోతే ముసలమ్మల మాటలు తీసేసి, పట్టికలు పెట్టి, పుస్తకాన్ని మళ్ళీ రాసుకు రమ్మన్నారు. ఆమె ఎండాకాలమంతా రాత్రిళ్ళు కూర్చుని, పైకి చదవకుండా అలాగే రాసింది. జోర్డాన్ దాకా చేరితే బతుకు ఒడ్డున పడ్డట్టే. పోయేముందు ఆ కొత్త ప్రతిని అందరి ముందూ చదివింది.

పది పేజీలయినా తివాచీ తివాచీలాగే ఉంది. ఆకలి మీదున్న అన్వర్ బాషా ఊరికే రెండు ఊఁలు కొట్టి చూశాడు. గడ్డిపోచ కూడా లేవలేదు.

"ఊఁ కొట్టవేం సుబ్బమ్మా?" అంది న్యకాటో.

"యాడ కొట్టాల్నో తెలీలేదు మామా. దాంట్లో ఎవురూ ఎవురితోనూ మాట్లాడ్డంలే."

న్యకాటో ముఖం చిన్నబోయింది. ఖాళీ కంచాలు పట్టుకుని కూర్చున్నవాళ్ళని చూస్తే ఆమెకు ఏడుపొచ్చింది. లేచి వెళ్ళి మంచం కింది పాత కట్ట లాగింది. మొదటి ముసలమ్మ మాట చదివిందో లేదో, సుబ్బరత్నమ్మ నోట ఊఁ దానంతటదే వచ్చింది. వెనకే హసన్‌బీ, ఆ వెనక అందరూ. రాగులు తివాచీలోంచి, సోఫాలోంచి, గుమ్మం దగ్గర విడిచిన చెప్పుల్లోంచి కూడా విరగబడి లేచాయి.

సంగటికి ఎసరు పెడదామంటే గ్యాసు అయిపోయింది. మిద్దె మీద ఇటుకల పొయ్యి పెట్టి సుబ్బరత్నమ్మ కుర్చీ కోళ్ళు విరగ్గొడుతుంటే, న్యకాటో కొత్త ప్రతి తెచ్చి ఒక్కో కాగితమే పొయ్యిలో పెట్టసాగింది.

"అది లండన్‌కు పోవాల్సింది గదా మామా?"

"లండన్ ఖలాస్. ఆ ముసలమ్మల ఊళ్ళోనే చెప్పుకుంటా పాఠాలు. ఊఁ కొట్టేవాళ్ళు అక్కడున్నారు."

సుబ్బరత్నమ్మ ఇంకో కర్ర ముక్క పొయ్యిలోకి తోసింది. సంగటి కెలికి, తడిచేత్తో ముద్ద చేసి, మొదటిది ఆమె కంచంలోనే పెట్టింది. వేళ్ళు కాలుతున్నా న్యకాటో రెండో ముద్ద అడిగి వేయించుకుంది.

వారం తిరక్కుండా ఇద్దరూ బస్సెక్కారు. జోర్డాన్ చేరాక, అమ్మాన్ విమానాశ్రయంలో న్యకాటో పాత కట్ట చంకన పెట్టుకుని ఉగాండా పోయేవాళ్ళ వరుసలోకి నడిచింది. మలుపు దగ్గర ఆగి, ముసలమ్మ మాట ఒకటి గట్టిగా అరిచి చెప్పింది. బొంబాయి వరుసలో ఉన్న సుబ్బరత్నమ్మ, చుట్టూ జనం చూస్తున్నా లెక్కచేయకుండా, గొంతెత్తి ఊఁ కొట్టింది.